మోటారు సైకిళ్ల పునరుద్ధరణ: అరసవల్లి, ఉత్తర కోస్తా ఆంధ్ర

వాడకం ఆగిపోయి, ఏళ్ళ తరబడి ఒక మూలపడి తుప్పుపట్టిన మోటారు సైకిల్‌ను విప్పి, శుభ్రం చేసి, పాడైన భాగాలను బాగుచేసి లేదా మార్చి, కర్మాగారం నుంచి వచ్చిన నాటి రూపానికీ నడకకూ వీలైనంత దగ్గరగా తీసుకురావడమే పునరుద్ధరణ. బండిని నడిచేలా చేయడం ఇందులో ఒక భాగం మాత్రమే. భాగాల అసలుతనం, రంగు, కొలతలు, ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, రిజిస్ట్రేషన్ పత్రాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. ఈ వ్యాసం శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న సూర్యక్షేత్రం అరసవల్లి నుంచి విజయనగరం వరకూ ఉన్న తీర మైదానంలో ఈ పని ఎలా సాగుతుందో, ఇక్కడి గాలీ నీరూ దానికి పెట్టే షరతులేమిటో వివరిస్తుంది.

పరిధి, వర్గీకరణ

పాత బండి మీద జరిగే పని నాలుగు రకాలు. పాడైన ఒక భాగాన్ని సరిచేసి బండిని మళ్ళీ రోడ్డెక్కించడం మరమ్మతు. ఉన్న రంగునూ గీతలనూ సొట్టలనూ అలాగే ఉంచి, తుప్పు ఇక ముదరకుండా ఆపడం సంరక్షణ. మొత్తం విప్పి, తొలినాటి నమూనా ప్రకారం తిరిగి కట్టడం పునరుద్ధరణ. కొత్త రూపమో కొత్త సామర్థ్యమో ఇవ్వడం రూపమార్పు. వెడల్పు టైర్లు, ఎల్‌ఈడీ దీపం, పొట్టి సైలెన్సర్ బిగించిన బుల్లెట్‌ను కూడా ‘రిస్టోర్’ చేసిన బండిగానే చెప్పుకోవడం మామూలైపోయింది. వర్గీకరణ ప్రకారం అది రూపమార్పే.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. 30 ఏళ్ళు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉన్న వాహనాన్ని అది చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. ఆ సంస్థ 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ సంరక్షణకు మొదటి చోటు ఇస్తుంది. అసలు పదార్థాన్ని వీలైనంత మిగల్చాలనీ, చేసిన పనిని రాసి ఉంచాలనీ చెబుతుంది. భారత చట్టం మాత్రం 50 ఏళ్ళు దాటిన వాహనాన్నే ‘వింటేజ్’గా గుర్తిస్తుంది (చూ. చట్టం, పత్రాలు).

చరిత్ర

పాత మోటారు సైకిళ్లను కాపాడటానికి సంఘటితంగా జరిగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1946లో బ్రిటన్‌లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్. భారతదేశంలో 1964లో ఢిల్లీలో మొదలైన స్టేట్స్‌మన్ ర్యాలీ పాత కార్లకు గౌరవం తెచ్చింది. ద్విచక్ర వాహనాలకు ఆ గౌరవం చాలా ఆలస్యంగా దక్కింది. ఇక్కడ మోటారు సైకిల్ విలాసవస్తువు కాదు, పని వాహనం. పనికి రాకపోతే పాత ఇనుం సామాన్ల వాడికి తూకానికి వెళ్ళేది.

ఈ ధోరణి మారడానికి 1996 ఒక గుర్తు. మైసూరులో జావా, యెజ్డీ బండ్లు చేసిన ఐడియల్ జావా ఆ ఏడాదే మూతపడింది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. ద్విచక్ర వాహనాల పొగ నిబంధనలు బిగుసుకుంటున్న కాలమది. కొత్తవి రావని తేలాక పాతవాటి కోసం వెతుకులాట మొదలైంది. 2018లో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ జావా పేరును, 2022లో యెజ్డీ పేరును తిరిగి మార్కెట్లోకి తెచ్చింది. దాంతో పాత బండ్ల గిరాకీ తగ్గకపోగా పెరిగింది.

ఈ ప్రాంతంలో దొరికే బండ్లు

ఉత్తరాంధ్రలో పునరుద్ధరణకు వచ్చే బండ్లలో ముందు చెప్పుకోవలసింది బుల్లెట్. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. తిరువొత్తియూరు కర్మాగారం నుంచి వచ్చిన 350 బుల్లెట్ సైన్యానికీ పోలీసులకూ అధికారులకూ వాహనమైంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ సామర్థ్యం గల ఈ ఇంజన్ కొలతలు దశాబ్దాల పాటు మారలేదు. పాత బండ్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. 1994లో ఐషర్ గ్రూపు ఎన్‌ఫీల్డ్ ఇండియాను చేజిక్కించుకుంది. కాస్ట్ ఐరన్ సిలిండరున్న ఈ ఇంజన్ 2010 ప్రాంతంలో ఆగిపోయింది. కొలతలు మారకపోవడమే పునరుద్ధరించేవారికి అతిపెద్ద వరం. 1960ల నాటి బండికి 1990ల నాటి భాగం చాలాచోట్ల సరిపోతుంది. అసలుతనం గురించి తగవులు రావడానికీ అదే కారణం.

ఐడియల్ జావా 1961 నుంచి జావా 250ని, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లను తయారుచేసింది. 250 సీసీ తరగతి టూ స్ట్రోక్ ఇంజన్, రెండు సైలెన్సర్లు, కిక్ కొట్టాక గేరుగా పనిచేసే ఒకే లివరు దీని గుర్తులు. ఎస్కార్ట్స్ సంస్థ పోలండుకు చెందిన ఎస్‌హెచ్‌ఎల్ నమూనాపై చేసిన రాజ్‌దూత్ 175 పల్లెల్లో బరువులు మోయడానికి పేరుపడింది. అదే సంస్థ 1983లో యమహా సహకారంతో తెచ్చిన రాజ్‌దూత్ 350 కొద్ది ఏళ్ళే నడిచింది. దాని భాగాలు అతికష్టంగా దొరుకుతాయి. 1985లో వచ్చిన 98 సీసీ ఆర్‌ఎక్స్ 100, అదే దశకంలో వచ్చిన హీరో హోండా సీడీ 100, ఇండ్ సుజుకి ఏఎక్స్ 100 చివరి వరుస. వీటిలో ఆర్‌ఎక్స్ 100కు మాత్రమే అభిమానుల మార్కెట్ ఉంది. మిగతావాటిని ఎక్కువగా తండ్రి బండి, మావయ్య బండి అన్న మమకారంతోనే బాగుచేయిస్తారు.

తుప్పు: తీర మైదానపు పరిస్థితి

ఇనుము, ప్రాణవాయువు, తేమ మూడూ కలిసినప్పుడు ఏర్పడే సజల ఐరన్ ఆక్సైడే తుప్పు. దాని ఘనపరిమాణం అసలు లోహం కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. అందుకే రంగు కింద తుప్పు పుడితే రంగు బుడగలుగా లేస్తుంది, బోల్టు తన గాడిలోనే బిగుసుకుపోతుంది. ఉప్పులోని క్లోరైడు ఈ చర్యను వేగవంతం చేస్తుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే మామూలు ఉప్పు తేమను లాక్కుని తానే ద్రవంగా మారుతుంది. అంటే వాన పడకపోయినా లోహం మీద ఉప్పునీటి పొర ఉన్నట్టే.

నాగావళి శ్రీకాకుళం దాటి కళ్ళేపల్లి దగ్గర బంగాళాఖాతంలో, వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తాయి. అరసవల్లికి సముద్రం ఎంతో దూరం కాదు. సముద్రం నుంచి లోపలికి వెళ్ళేకొద్దీ గాలిలో ఉప్పు చప్పున తగ్గుతుంది కనుక భావనపాడులో, నౌపడా ఉప్పు మళ్ళ పక్కన పెట్టిన బండికీ, విజయనగరం కోట దగ్గర పెట్టిన బండికీ తుప్పు తీరు ఒకటి కాదు. లోహక్షయాన్ని బట్టి వాతావరణాన్ని వర్గీకరించే ఐఎస్‌ఓ 9223 ప్రమాణంలో వేడి, తేమ, ఉప్పు మూడూ ఉన్న తీరాలు పై తరగతుల్లో ఉంటాయి. చేపల పెట్టెలు మోసిన బండ్లది మరో కథ. మంచు కరిగిన ఉప్పునీరు వెనక మడ్‌గార్డు, చైను, స్పోకుల మీద కారి, ముందు భాగం బాగున్నా వెనక సగం తినేస్తుంది.

తుపాన్లు, వరదలు ఇంకో కారణం. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న ఉద్దానం ప్రాంతాన్ని దెబ్బతీసిన తిత్లీ వంటి వాటిలో బండ్ల మీద చెట్లు, గోడలు కూలడం, బండ్లు నీట మునగడం జరుగుతుంది. మునిగిన బండిని వెంటనే కిక్ కొట్టడం అన్నిటికన్నా పెద్ద నష్టం. నీరు కలిసిన ఇంజన్ ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగుకు వస్తుంది. ఆ ఆయిల్ పూర్తిగా తీసి, కార్బొరేటరు, సైలెన్సరు ఖాళీ చేసి, కొత్త ఆయిల్‌తో కడిగాకే తిప్పాలి.

బండి మూలపడటానికి సామాజిక కారణం కూడా ఉంది. ఉద్దానం నుంచీ తీర గ్రామాల నుంచీ హైదరాబాద్, చెన్నై, గుజరాత్ రేవులకు, విదేశాలకు వలసలు ఎక్కువ. యజమాని పనికి పోతే, లేదా కాలం చేస్తే, బండి పశువుల శాలలోకో కొబ్బరాకుల పందిరి కిందికో చేరుతుంది. ఎలుకలు వైరింగు కొరుకుతాయి. కందిరీగలు సైలెన్సరులో మట్టిగూళ్ళు కడతాయి. ఆవు పేడ, మూత్రాల నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడి భాగాలను పగిలేలా చేస్తుంది. పశువుల శాల ఎండావానల నుంచి కాపాడే మాట నిజమే కానీ, కార్బొరేటరుకు అది మంచి చోటు కాదు.

తొలి పరిశీలన

విప్పడానికి ముందే చూడవలసినవి వరసగా చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, పత్రాలు, ఫ్రేము, ఆ తరవాతే ఇంజన్. నంబరు ఉన్న చోట వైర్ బ్రష్ వేయకూడదు. కిరోసిన్‌తో నానబెట్టి మెత్తని గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయాలి. రవాణా శాఖ కార్యాలయంలో అడిగే చాసిస్ ప్రింట్ ఇదే. ఇసుక బ్లాస్టింగుకో పౌడర్ కోటింగుకో పంపే ముందు నంబరు మీద పట్టీ కప్పడం మరిచిపోతే, మంచి ఫ్రేము కూడా అనుమానాస్పద వాహనమైపోతుంది.

ఫ్రేము గొట్టాల కింది భాగాలు, స్వింగ్ ఆర్ము కీళ్ళు, స్టాండు అతుకులు సుత్తితో తట్టి చూస్తారు. గట్టి లోహం గణగణ మోగుతుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. పైకి ఎర్రగా కనిపించే తుప్పులో ఎక్కువ భాగం పొరమాత్రమే. గుంటలు పడిన తుప్పు వేరు. ఫ్రంట్ ఫోర్కు గొట్టాల మీద గుంటలు పడితే వాటిని నునుపు చేసినా ఆయిల్ సీలు నిలవదు, గట్టి క్రోమ్ వేయించాలి లేదా మార్చాలి. ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫోటో తీయడం, బోల్టులను విడివిడి డబ్బాల్లో పేరు రాసి పెట్టడం చిన్న విషయంగా కనిపిస్తుంది. సగంలో ఆగిపోయిన పునరుద్ధరణలు చాలావరకు ఇది చేయక ఆగినవే.

తుప్పు తొలగించే పద్ధతులు

యాంత్రిక పద్ధతుల్లో వైర్ బ్రష్, ఎమ్రీ పేపరు, ఇసుక బ్లాస్టింగు ఉన్నాయి. బ్లాస్టింగు ఫ్రేముకు, స్టాండుకు సరిపడుతుంది. పలచని మడ్‌గార్డు రేకు మాత్రం వంకర పోతుంది. ఇంజన్ కేసుల మీద వాడితే ఇసుక రేణువులు ఆయిల్ దారుల్లో చిక్కుకుని తరవాత బేరింగులను తినేస్తాయి.

రసాయన పద్ధతుల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. నిమ్మ ఉప్పుగా దొరికే సిట్రిక్ ఆమ్లం మృదువైనది, చిన్న భాగాలను ఒక రాత్రి నానబెట్టడానికి చాలు. ఇత్తడి జెట్ల మీది చిలుముకు వంటింటి చింతపండు పులుసే సరిపోతుంది. స్ప్రింగులు, ఇరుసు బోల్టుల వంటి గట్టిపరచిన ఉక్కును ఆమ్లంలో ఉంచకూడదు. లోహంలోకి హైడ్రోజన్ చొరబడి పెళుసుబారుతుంది, తరవాత బరువు పడగానే విరుగుతుంది.

విద్యుద్విశ్లేషణలో చాకలి సోడా కలిపిన నీళ్ళలో తుప్పుపట్టిన భాగాన్ని 12 వోల్టుల ఛార్జరు ఋణధ్రువానికి, పాత ఇనుప ముక్కను ధనధ్రువానికి కలుపుతారు. ఈ పద్ధతి మంచి లోహాన్ని తినదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, విషపూరితమైన క్రోమియం లవణాలు పుడతాయి. హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక పని ఆరుబయట జరగాలి. అల్యూమినియం భాగాలను ఈ క్షారంలో వేస్తే కరిగిపోతాయి.

ఏ పద్ధతి వాడినా, శుభ్రమైన ఇనుము ఈ తీరంలో గంటల్లోనే పసుపురంగు లేత తుప్పు పడుతుంది. శుద్ధి చేసిన రోజే ప్రైమరో ఆయిలో పూయాలన్నది ఇక్కడి షెడ్లలో చర్చకు తావులేని నియమం.

ఇంజన్

బిగుసుకుపోయిన ఇంజన్‌ను కిక్ మీద ఎక్కి తొక్కి విడిపించబోవడం కిక్ షాఫ్టు విరగడానికి దారి. స్పార్క్ ప్లగ్గు తీసి, సిలిండరులోకి డీజిలో తుప్పు వదిలించే ఆయిలో పోసి కొన్ని రోజులు నానబెడతారు. తరవాత టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదుపుతారు. కదలకపోతే హెడ్డు విప్పి, సిలిండరును బయటి నుంచి సమంగా వేడిచేసి, పిస్టన్‌ను చెక్క ముక్కతో తట్టి దించుతారు.

పాత బుల్లెట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఆయిల్ విడి అరలో ఉంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఆయిల్ మెల్లగా పంపు దాటి క్రాంక్ గదిలోకి దిగుతుంది. దాన్ని తీయకుండా కిక్ కొడితే ఆయిల్ సీళ్ళను తోసుకుని బయటికొస్తుంది, పొగ కమ్మేస్తుంది. కాన్‌రాడ్ పెద్ద చివర రోలరు బేరింగుకు బదులు బుష్ ఉన్న నమూనాల్లో ఆ బుష్ ఆయిల్ ప్రవాహం మీదే బతుకుతుంది. ఆయిల్ పంపును పట్టించుకోకుండా పిస్టన్ మాత్రం మార్చిన బండి మళ్ళీ షెడ్డుకే వస్తుంది. అరిగిన సిలిండరును లేత్ షాపులో రీబోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. బుల్లెట్ పిస్టన్లకు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో 20, 40 సైజు అని పిలుపు. యమహా వంటి జపాను నమూనాలకు 0.25 మి.మీ. మెట్టు. ముందు పిస్టన్ తెచ్చి, దాన్ని కొలిచి, ఆ కొలతకు బోరు తీయించడమే సరైన వరస.

టూ స్ట్రోక్ బండ్లలో క్రాంకు బేరింగులకు పెట్రోల్‌తో వచ్చే ఆయిలే ఆధారం. మూలపడిన కాలంలో ఆ పలచని పొర ఆరిపోయి బేరింగులకు తుప్పు పడుతుంది. క్రాంకు విప్పి, కాన్‌రాడ్ కిట్టు వేసి, రెండు వైపుల ఇరుసులూ ఒకే గీతలో ఉండేలా అమర్చడం అనుభవమున్న లేత్ పనివాడి చేతి పని. గట్టిపడిన ఆయిల్ సీళ్ళ గుండా గాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గి ఇంజన్ వేడెక్కి జామ్ అవుతుంది. సీళ్ళు చవక. వాటిని మార్చకపోవడం ఖరీదు. జావా, రాజ్‌దూత్‌లలో ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలుపుతారు. 1:25 నిష్పత్తి అంటే లీటరుకు 40 మి.లీ.

ట్యాంకు, ఇంధనం

ట్యాంకు లోపలి తుప్పు కార్బొరేటరుకు శత్రువు. ట్యాంకులో నట్లో పాత చైను ముక్కో వేసి కుదిపి, తరవాత సిట్రిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడిగి, వంట సోడా నీళ్ళతో ఆమ్లాన్ని విరిచి, ఎండబెట్టి, వెంటనే ఆయిల్ పూత వేస్తారు. చిల్లులు పడిన ట్యాంకుకు అతుకు వేయడం ప్రాణాంతకమైన పని. ఏళ్ళ క్రితం ఖాళీ అయినా అతుకుల్లో పెట్రోల్ ఆవిరి మిగిలి ఉంటుంది. నీటితో నింపి, అతుకు వేసే చోటు మాత్రమే పైకి ఉంచి వెల్డింగు చేస్తారు.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలై క్రమంగా అన్ని బంకులకూ విస్తరించింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, పాత ట్యాంకు పూతలను వదులు చేస్తుంది. పాత కార్బొరేటరుకు మిశ్రమంలో పెట్రోల్ వాటా తగ్గినట్టవుతుంది కనుక ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ అవసరం కావచ్చు. తేమ ఎక్కువున్న ఈ ప్రాంతంలో సగం ట్యాంకుతో బండిని వానాకాలమంతా నిలపడం మంచిది కాదు. నిండుగా ఉంచాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలి.

విద్యుత్తు, బ్రేకులు

పాత బండ్లు ఎక్కువగా 6 వోల్టులవి. వైరింగు మొత్తం మార్చడం సులువు, పాతదాన్ని అతుకులతో నడపడం కష్టం. బుల్లెట్ పాయింట్ల ఎడం 0.35 నుంచి 0.40 మి.మీ. కండెన్సరు చెడితే పాయింట్లు త్వరగా కాలిపోతాయి. తుప్పుపట్టిన ఎర్త్ కనెక్షన్ వల్ల వచ్చే జబ్బులను కాయిల్ మీదికి నెట్టి కొత్త కాయిల్ కొనిపించడం తరచూ జరుగుతుంది.

పాత బ్రేకు షూలలో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. హబ్‌లోని దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పలాస కాశీబుగ్గ జీడిపప్పుకు పేరు. జీడిపిక్క తొక్క నుంచి తీసే నూనెతో తయారైన రెసిన్ బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో వాడే ముడిసరుకు. జీడి మీద బతికే ఈ జిల్లాలో ఆ విషయం తెలిసినవారు తక్కువే.

రంగు, ప్లేటింగు

ఫ్రేముకు పౌడర్ కోటింగు గట్టిది. 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాల్చాలి కనుక ఆ పనికి విశాఖ ఆటోనగర్ వంటి పారిశ్రామిక వాడలకు పంపడం మామూలు. ట్యాంకు, మడ్‌గార్డులకు నైట్రోసెల్యులోజ్ రంగో రెండు భాగాల పాలీయురెథేన్ రంగో వేస్తారు. రెండోదానిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు కావాలి. నైట్రోసెల్యులోజ్ రంగు తేమగాలిలో వేస్తే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి నీరు చేరి తెల్లటి పొర కడుతుంది. అందుకే ఇక్కడి పెయింటర్లు ముసురు రోజుల్లో ట్యాంకు పట్టుకోరు. అరసవల్లిలో రథసప్తమి జరిగే మాఘమాసం చుట్టూ ఉన్న పొడి వారాలే ఈ పనికి అనువైనవి.

బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలను చెన్నై కర్మాగారంలో చేత్తో గీసేవారు. స్టిక్కరు గీతకూ కుంచె గీతకూ తేడా దగ్గరి నుంచి తెలుస్తుంది. అసలు గీతలు సగమైనా మిగిలి ఉంటే ఆ ట్యాంకుకు కొత్త రంగు వేయకపోవడమే మేలు. వెలిసిన అసలు రంగును తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు.

పనివారు, విడిభాగాలు

ఉత్తరాంధ్రలో పునరుద్ధరణ సాధారణంగా ఒకే చోట జరగదు. మెకానిక్, లేత్ పనివాడు, టింకరు, పెయింటరు, సీటు కుట్టేవారు, బ్యాటరీ, వైరింగు పనివాడు ఎవరి షెడ్డులో వారుంటారు, బండి ముక్కలుగా వారి మధ్య తిరుగుతుంది. ఆలస్యాలకు, పోయిన బోల్టులకు ఇదే మూలం. ఆయుధపూజ నాడు పానాలకు, స్క్రూడ్రైవర్లకు పసుపు కుంకుమలు పెట్టే ఈ షెడ్లలో విద్య గురువు పక్కన కూర్చుని నేర్చుకున్నదే. పాయింట్లు, కార్బొరేటరు చెవితో సరిచేయగల మెకానిక్కులు ఇప్పుడు పెద్దవయసు వారే. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లతో పని మొదలుపెట్టిన కుర్రవాళ్ళకు ఆ అవసరం రాలేదు.

భాగాల కోసం చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కరోల్‌బాగ్ పేరుపడ్డవి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో ఉండటం వల్ల రెండు వైపుల నుంచీ పార్సిళ్ళు సులువుగా చేరతాయి. నకిలీ భాగాలు అన్నిచోట్లా ఉన్నాయి. పాత నికార్సైన భాగం తుప్పుతో ఉన్నా, బాగుచేయగలిగితే కొత్త నకిలీ కన్నా నమ్మదగినది.

విలువ, వివాదాలు

ఖర్చు పరంగా చూస్తే వంద సీసీ ప్రయాణ బండ్ల పునరుద్ధరణ గిట్టుబాటు కాదు. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350, తొలినాళ్ల జావా, కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లకు మాత్రం పెట్టిన డబ్బు కొంతవరకు తిరిగి వస్తుంది. ఈ గిరాకీ దొంగతనాలకూ, రెండు మూడు బండ్లను కలిపి ఒకటి చేయడానికీ, నంబర్లు తిరిగి కొట్టడానికీ దారితీసింది. పర్యావరణం వైపు నుంచి వాదనలు రెండు ఉన్నాయి. ఉన్న వస్తువును వాడుకోవడం కొత్తదాని తయారీకి పట్టే లోహాన్నీ శక్తినీ మిగులుస్తుంది. మరోవైపు పాత టూ స్ట్రోక్ ఇంజన్ కాలని ఇంధనాన్నీ ఆయిల్ పొగనూ ఎక్కువగా వదులుతుంది. క్రోమ్ ప్లేటింగు వ్యర్థజలం విషపూరితం. ఏడాదికి కొన్ని సార్లు బయటికి తీసే బండి విషయంలో మొదటి వాదనే బలంగా ఉంటుంది. రోజూ వాడే బండికి అది వర్తించదు.

చట్టం, పత్రాలు

1989 జూలై 1 నుంచి అమల్లో ఉన్న 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. తరవాత ఫారం 25తో ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన మోటారు సైకిల్ పొడిగింపు రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 1,000 రూపాయలు చేసింది, 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో 2,000 రూపాయలకు పెంచింది. ఆలస్యానికి అదనపు రుసుము, రాష్ట్రం విధించే హరిత పన్ను వేరు. పోయిన ఆర్సీకి ఫారం 26, అమ్మకానికి ఫారాలు 29, 30, యజమాని చనిపోతే వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 ఉన్నాయి. తాతగారి బండిని ఆయన పేరు మీదే ఉంచి లక్షలు పోసి బాగుచేయడం కన్నా ముందు ఫారం 31 పెట్టడం తెలివైన పని.

పాత పుస్తకం రూపంలోని ఆర్సీ వివరాలు ఆన్‌లైన్‌లో లేకపోతే రవాణా కార్యాలయంలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఏ కార్యాలయంలో అన్నది జిల్లాల చరిత్ర మీద ఆధారపడుతుంది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి విడివడింది. కనుక 1979కి ముందు విజయనగరంలో తిరిగిన బండి రికార్డు పక్క జిల్లాలో ఉండవచ్చు. చట్టం మారడానికి ముందు నంబర్లు ‘ఏ’తో మొదలయ్యే మూడు అక్షరాల వరసలో ఉండేవి. తరవాత శ్రీకాకుళానికి ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 వచ్చాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే వరసగా ఏపీ 39 వచ్చింది.

చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశానికి విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే ధ్రువీకరించింది. ఇంజన్ మార్పు, రంగు మార్పు ఆర్సీలో నమోదు కావాలి. పది, పదిహేనేళ్ళు దాటిన వాహనాలపై ఢిల్లీ ప్రాంతంలో తెచ్చిన ఆంక్షలు ఆంధ్రప్రదేశ్‌కు వర్తించవు.

2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్ళు దాటి, ఫ్రేములోనూ ఇంజన్‌లోనూ పెద్ద మార్పులు లేని వాహనాలకు వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తిరిగి చేయించడానికి 5,000 రూపాయలు. అలాంటి బండిని రోజువారీ ప్రయాణానికి గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. కొత్తగా నమోదయ్యే బండ్లకు రాష్ట్ర సంకేతం తరవాత ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇప్పటికే రిజిస్టరైన బండి వింటేజ్ జాబితాలో చేరినా తన పాత నంబరునే ఉంచుకోవచ్చు.